పెంకుతో సహా పంపిన రొయ్య

2023 వేసవి. నరసాపురానికి దగ్గర్లో ఉన్న ఒక డిగ్రీ కాలేజీలో నేను లైబ్రేరియన్‌గా చేరి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. పరీక్షలు అయిపోయి పిల్లలు సెలవులకు వెళ్ళిపోయారు. రీడింగ్ హాల్లో ఫ్యాన్ల కింద దినపత్రికల అంచులు లేచి పడే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. నాకు ఆ నెలలంటే ఇష్టం. మనుషులతో తక్కువ మాట్లాడే స్వభావం నాది. చెప్పవలసినవి డైరీలో రాసుకుంటాను. ఈ ఉద్యోగం ఎంచుకోవడానికి అది కూడా ఒక కారణం. లైబ్రరీలో ఎవరూ గట్టిగా మాట్లాడరు కదా అనుకున్నాను.

లైబ్రేరియన్ అంటే పుస్తకం మీద తేదీ ముద్ర వేసే మనిషి అని చాలామంది అనుకుంటారు. ఇప్పుడు మా పనిలో సగం తెర మీదే జరుగుతుంది. అందరూ వాడే సెర్చ్ ఇంజన్ ఒకటుంది, దాని సంగతి అందరికీ తెలిసిందే. మేము వాడేవి వేరు. వాటిని డేటాబేస్‌లు అంటాం. చేపల పెంపకానికి ఒకటి, వైద్యానికి ఒకటి, ఆహార పరీక్షలకు ఒకటి, ఇలా ఒక్కో విద్యకు ఒక్కొక్కటి ఉంటాయి. శాస్త్రవేత్తలు రాసి, తోటివాళ్ళు పరిశీలించాక అచ్చయిన వ్యాసాలను ఒక పద్ధతి ప్రకారం వర్గీకరించి అందులో పెడతారు. వ్యాసం మొత్తం చదవాలంటే డబ్బు కట్టాల్సి రావచ్చు గానీ, దాని సారాంశం మాత్రం చాలాసార్లు ఉచితంగానే దొరుకుతుంది. ఆ సారాంశాన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు. మా కాలేజీకి పెద్ద చందాలు కట్టే స్తోమత లేదు. అందుకని ఉచితంగా తెరిచి ఉన్న డేటాబేస్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఒక నోటు పుస్తకంలో పేరుపేరునా రాసి పెట్టుకున్నాను. అప్పటి దాకా ఆ పుస్తకం నాకు తప్ప ఎవరికీ పనికిరాలేదు.

ఒక మంగళవారం ఉదయం, చెప్పులు బయట విడిచి, చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి దోపుకున్న ఒకావిడ లోపలికి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఆవిణ్ణి నేను అంతకుముందు జువాలజీ ల్యాబ్ దగ్గర రెండు మూడుసార్లు చూశాను. పిల్లల ప్రాక్టికల్స్ కోసం బతికున్న రొయ్యలు తెచ్చి ఇస్తుంది. పేరు సత్యవతి గారు. మొగల్తూరు అవతల చెరువు కౌలుకు తీసుకుని నీలకంఠ రొయ్యలు పెంచుతుంది. నీలకంఠ అంటే మంచినీటి రొయ్య. పెద్దదైతే ముందు కాళ్ళు నీలంగా, జానెడు పొడవున ఉంటాయి.

"లైబ్రరీ అమ్మాయివి నువ్వేనా?"

"అవునండి."

"కంప్యూటర్లో ఏదైనా వెతికి తీస్తావంట కదా. జువాలజీ మేడమ్ గారు చెప్పారు."

"ఏం కావాలండి?"

ఆవిడ కుర్చీలో కూర్చుని, బొడ్లో దోపుకున్న ప్లాస్టిక్ సంచిలోంచి ఒక కాయితం తీసి టేబుల్ మీద పెట్టి అరచేత్తో నొక్కింది.

"నేను దొంగను కాదని కాయితం కావాలమ్మా."

అది ఒక పరీక్ష రిపోర్టు. చెరువులో రొయ్యలు పట్టడానికి ముందు వాటి శాంపిల్ ల్యాబ్‌కు వెళుతుంది. నిషేధించిన మందులేవీ వాడలేదని తేలితేనే ఎగుమతి చేసే ప్లాంట్ వాళ్ళు సరుకు తీసుకుంటారు. సత్యవతి గారి శాంపిల్‌లో నైట్రోఫ్యూరాన్ జాతి మందు ఆనవాలు దొరికిందని ఆ రిపోర్టులో ఉంది. రొయ్యలకు రోగం రాకుండా ఒకప్పుడు వాడేవారు. మనిషికి హాని చేస్తుందని ఎప్పుడో నిషేధించారు.

"కింద ఇంగ్లీషులో పాజిటివ్ అని ఉంటే మంచిదే కాబోసు అనుకుని, కాయితం తెచ్చినతనికి కొబ్బరిబోండం కొట్టిచ్చాను," అంది. "తాగేసి అప్పుడు చెప్పాడు వెధవ."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"పన్నెండేళ్ళ నుంచి చెరువు చేస్తున్నాను. మా ఆయన సముద్రం మనిషి, ఆయనకి చెరువు సంగతి తెలవదు. అంతా నేనే. ఒక్క ఏడు కూడా మందు డబ్బా గట్టెక్కనివ్వలేదు. చచ్చిపోతే చచ్చిపోతాయి గానీ మందెయ్యకూడదని పదిమందికి చెప్పేదాన్ని. ఇప్పుడు వాళ్ళే గట్టు మీద నిలబడి, నీతులు మనకి, మందులు తనకి అంటన్నారు."

ప్లాంట్ వాళ్ళు పది రోజులు గడువిచ్చారు. ఈలోగా సరైన జవాబు ఇవ్వకపోతే ఆవిడ చెరువుకున్న నమోదు నంబరు తీసేస్తారు. నంబరు పోతే ఆ చెరువు రొయ్య ఏ ప్లాంటుకూ వెళ్ళదు. పైగా నిషేధించిన మందు వాడిన రైతుల జాబితాలో పేరు పడుతుంది. ఆవిడ భయమంతా ఆ జాబితా గురించే.

"మీ చెరువులోకి ఈ మందు ఎలా వచ్చి ఉంటుందో వెతుకుతానండి," అన్నాను.

"అండి ఏంటమ్మా, మా మరదలి కూతురంత లేవు. పిన్నీ అను. ఎప్పుడు రమ్మంటావ్?"

"శనివారం రండి... పిన్నీ."

నేను చేసిన తప్పు అక్కడే ఉంది. అప్పుడు తెలియలేదు.

బుధ, గురు, శుక్రవారాలు మూడు రోజులూ వెతికాను. ఆ మందు చెరువులోకి ఏ దారిన వస్తుందన్నదే నా ప్రశ్న. మేతలో కల్తీ కావచ్చు, రొయ్య పిల్లలను అమ్మే హేచరీలో వేసి ఉండవచ్చు, పక్క చెరువు నీళ్ళు కలిసి ఉండవచ్చు. ఈ మూడింటి మీదా వ్యాసాలు బోలెడు దొరికాయి. దొరికిన ప్రతిదానికీ సంబరపడి సత్యవతి గారికి ఫోన్ చేయడం, ఆవిడ రెండు మాటల్లో దాన్ని కొట్టిపారేయడం.

"మేతలో కలిసి ఉండవచ్చంటున్నారండి."

"ఆ మేతే మా తోడికోడలూ వేస్తంది. దాని రిపోర్టు సుబ్బరంగా వచ్చింది."

"హేచరీలో?"

"పిల్ల కూడా ఇద్దరం ఒక వ్యాన్‌లోనే తెచ్చుకున్నాం."

"పక్క చెరువు నీళ్ళు?"

"పక్కన చెరువేదమ్మా, పక్కన శ్మశానం. వాళ్ళెందుకేస్తారు మందు?"

శుక్రవారం సాయంత్రానికి నా దగ్గర దారులన్నీ మూసుకుపోయాయి. ఇంటికెళ్ళి డైరీ తీశాను. ఆ రోజు రాసింది ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. "మేతలో లేదు, పిల్లలో లేదు, నీళ్ళలో లేదు. ఇక మిగిలింది ఒకటే. ఆవిడే వేసి ఉండాలి. రేపు ఆ మాట ఆవిడ ముఖం మీద ఎలా చెప్పను?"

శనివారం ఆవిడ పొద్దున్నే వచ్చింది. నేను ప్రింట్లు సర్దుతూ తలెత్తకుండా, "ఏమీ దొరకలేదండి," అన్నాను.

ఆవిడ కాసేపు నన్నే చూసింది. చేపలమ్మే కుటుంబంలో పుట్టిన మనిషి. ఎదుటివాడి ముఖం చూసి బేరం ఎంత దాకా వస్తుందో చెప్పగలదు.

"మళ్ళీ అండి అంటన్నావే. నువ్వూ అనుకున్నావా?"

కాదని అబద్ధం చెప్పలేకపోయాను.

"పోన్లే," అంది. గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. లేచి, రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. "మూడు రోజులు కంప్యూటర్ని అడిగావు. అసలేం జరిగిందని నన్ను ఒక్క మాట అడగలేదు. నేను చదువుకున్నదాన్ని కాదుగా, ఏం అడుగుతావులే."

లైబ్రరీ సైన్స్ చదివిన వాళ్ళందరికీ మొదటి సంవత్సరమే ఒక పాఠం ఉంటుంది. దాన్ని రిఫరెన్స్ ఇంటర్వ్యూ అంటారు. వచ్చిన మనిషి అడిగిన మాట పట్టుకుని వెంటనే వెతకడానికి పరిగెత్తకూడదు. కూర్చోబెట్టి, అసలేం జరిగింది, ఎందుకు కావాలి, ఇప్పటి దాకా ఏం తెలుసు అని ఓపిగ్గా అడగాలి. ఆ పేపర్లో నాకు క్లాసు మొత్తంలో ఎక్కువ మార్కులు వచ్చాయి. ఉద్యోగంలో చేరాక మాత్రం, మనుషుల్ని ప్రశ్నలడగడం కష్టంగా ఉండి, ఆ భాగాన్ని మెల్లగా వదిలేశాను. అడిగిన మాట రాసుకోవడం, వెతకడం, ఇవ్వడం. అంతే.

"పిన్నీ, వెళ్ళకండి," అన్నాను. హాల్లో నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "శాంపిల్ తీసిన రోజు ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి. చిన్న విషయం కూడా వదలొద్దు."

ఆవిడ కూర్చోలేదు. నిలబడే చెప్పింది, నా మీద దయ తలిచినట్టు.

"ఏముందమ్మా. పొద్దున్నే ప్లాంట్ నుంచి ఒకతను ఐస్ పెట్టె పట్టుకుని వచ్చాడు. వల వేయించాను. మంచి మంచివి ఏరాను. అతను గట్టు మీద గోనె పరుచుకుని, రొయ్యలు ఒలవడం మొదలెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది."

"ఎందుకు?"

"ఎందుకేంటి? నీలకంఠని ఒలిచి పంపుతారా ఎవరైనా? పెళ్ళికూతురి నగలన్నీ వలిచేసి, ఇదిగో పిల్ల అని చూపించినట్టు! తల ఉండాలి, నీలం కాళ్ళుండాలి, పెంకు నిగనిగలాడుతుండాలి. అప్పుడు గదా ఎలాంటి చెరువులోదో తెలిసేది. అతని చేతిలోవి లాక్కుని, పెంకు ఊడకుండా రెండు సంచుల్లో నేనే సర్దిచ్చాను. ఒలవాలని కాయితంలో ఉందండి అన్నాడు. మీ వాళ్ళకి చేతుల్లేవా, కావాలంటే అక్కడ ఒలుచుకోమను అన్నాను."

"అక్కడ ఒలిచారా?"

"నాకేం తెలుసు? నేనేమన్నా వెనకాల వెళ్ళానా?"

పెంకు. మూడు రోజులుగా నేను టైప్ చేసిన మాటల్లో ఆ ఒక్కటి లేదు.

ల్యాబ్ వాళ్ళు ఆ మందును నేరుగా వెతకరని అప్పటికే నేను చదివి ఉన్నాను. ఆ మందు రొయ్య శరీరంలో కొద్ది గంటల్లోనే విడిపోతుంది. విడిపోయాక మిగిలే ఒక పదార్థం మాత్రం చాలా కాలం ఉంటుంది. ల్యాబ్ దాన్ని పట్టుకుంటుంది. అది దొరికితే మందు వేసినట్టే లెక్క. దాన్ని మార్కర్ అంటారు. మంట కనబడకపోయినా బూడిద చూసి మంట పెట్టారని చెప్పడం లాంటిది. ఆ మార్కర్ పేరు సెమీకార్బజైడ్. నేను ఆహార పరీక్షల డేటాబేస్ తెరిచి మందు పేరు తీసేశాను. మార్కర్ పేరు, దాని పక్కన పెంకు అన్న మాట, రొయ్య అన్న మాట, మూడే ఇచ్చాను.

వేలల్లో వచ్చే ఫలితాలు ఈసారి ఒక తెరకు సరిపోయాయి. మొదటి అబ్‌స్ట్రాక్ట్ చదివాను. మళ్ళీ చదివాను. సత్యవతి గారు నా కుర్చీ వెనక్కి వచ్చి నిలబడింది.

"ఏంటమ్మా, ఏం దొరికింది?"

"పిన్నీ, మందు వేయకపోయినా ఆ పదార్థం రొయ్య పెంకులో దానంతటదే ఉంటుందట. పుట్టుకతోనే. మంట లేకుండానే బూడిద."

ఆవిడ తెర మీదికి వంగి, చదవలేని ఇంగ్లీషును చాలాసేపు చూసింది. "ఇది ఎవరు రాశారు?"

"యూరప్‌లో శాస్త్రవేత్తలు."

"వాళ్ళకి మన రొయ్య సంగతి ఎందుకమ్మా?"

"మన దగ్గర్నుంచి కొనుక్కుని తినేది వాళ్ళే కదా పిన్నీ."

అక్కడితో పని అయిపోలేదు. ఆ వ్యాసం సముద్రపు జాతుల మీద రాసింది. ప్లాంట్ వాళ్ళు "అది వేరే రొయ్య" అంటే మా దగ్గర జవాబు లేదు. అప్పుడు సైటేషన్లు పట్టుకున్నాను. ఒక వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు తమ వ్యాసాల్లో ఉదహరించారో చూపించే వసతి కొన్ని డేటాబేస్‌లలో ఉంటుంది. ఒకరి నుంచి ఇంకొకరికి ఆ గొలుసు పట్టుకుని పోవచ్చు. మూడో మెట్టు మీద, నీలకంఠ శాస్త్రీయ నామం శీర్షికలోనే ఉన్న వ్యాసం కనిపించింది. దాని అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే ఉచితం. లోపలిది తాళం వేసి ఉంది.

మా లైబ్రేరియన్లకు ఒక ఈమెయిల్ గ్రూపు ఉంది. ఏ దేశం వాళ్ళైనా, తమకు దొరకనిది ఎక్కడుందో అందులో అడగవచ్చు. నేను చేరి రెండేళ్ళయినా ఒక్క అక్షరం కూడా రాయలేదు. అందరూ పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల వాళ్ళు, నేనేం అడుగుతానులే అని. ఆదివారం ఇంట్లో కూర్చుని, డైరీలో నాలుగుసార్లు చిత్తుప్రతి రాసి, ఐదోది పంపాను. "ఒక రైతు మాట నిలబెట్టడానికి ఈ వ్యాసం కావాలి" అని ఒక్క వాక్యం చివర చేర్చాను. సోమవారం లైబ్రరీ తెరిచేసరికి జవాబు వచ్చి ఉంది. ఎక్కడో చలిదేశంలోని ఒక లైబ్రేరియన్ రాసింది. ఆ వ్యాసం రాసినవారే తమ విశ్వవిద్యాలయం రిపాజిటరీలో ఒక ప్రతి పెట్టారట. రిపాజిటరీ అంటే తమ వాళ్ళ రచనలను అందరూ చదువుకోవడానికి దాచిపెట్టే ఆన్‌లైన్ బీరువా. లింకు ఇచ్చి, కింద ఇలా రాసింది: రైతు గారికి ఏమైందో తప్పకుండా తెలియజేయండి.

మూడో పేజీలో మాకు కావాల్సింది ఉంది. నీలకంఠ రొయ్య పెంకులో ఆ పదార్థం సహజంగా ఉండవచ్చు కాబట్టి పెంకు తీసేసి లోపలి కండ మాత్రమే పరీక్షించాలని ఆ వ్యాసం సలహా. నేను దాని కింద గీత గీసి, పక్కన తెలుగులో అర్థం రాశాను.

సత్యవతి గారికి వివరించేటప్పుడు ఒక సంగతి దాచలేదు. "ఇది మీరు మందు వేయలేదని చెప్పదు పిన్నీ. వేయకపోయినా ఇలాంటి రిపోర్టు రావచ్చని మాత్రమే చెబుతుంది."

"అంటే సగం కాయితమే."

"అవును."

"మిగతా సగం?"

"మీ రొయ్యే చెప్పాలి."

"అది చెప్తుంది," అంది, ఇంట్లో పిల్ల గురించి చెప్పినట్టు. "రేపు ప్లాంటుకి వెళ్దాం. నువ్వూ రావాలి. నేను మాట్లాడితే అరిచినట్టుంటుంది. నువ్వు మాట్లాడితే చదివినట్టుంటుంది."

రాత్రంతా ఏం చెప్పాలో వల్లించుకుని, మంగళవారం బస్సెక్కాను. ప్లాంట్‌లో నాణ్యత విభాగం మేనేజరు శ్రీహరి గారు మర్యాదస్తుడే. కూర్చోమన్నారు, మజ్జిగ తెప్పించారు. నేను ఇచ్చిన కాయితాలను పైపైన తిప్పి పక్కన పెట్టారు.

"ఇంటర్నెట్‌లో ఏది కావాలంటే అది దొరుకుతుందమ్మా."

వల్లించుకున్నదంతా ఎటుపోయిందో! సత్యవతి గారు టేబుల్ కింద నా కాలు తొక్కింది. బాగానే తొక్కింది.

"దొరుకుతుందండి," అన్నాను. "అందుకే మామూలు సెర్చ్‌లో వెతకలేదు, డేటాబేస్‌లో వెతికాను. ఇవి తోటి శాస్త్రవేత్తలు పరిశీలించాక అచ్చయినవి. రెండూ వేర్వేరు బృందాలు చేసినవి. ఎలా పరీక్షించారో, ఏ భాగాన్ని రుబ్బారో నీలకంఠ వ్యాసం రెండో పేజీలో ఉంది. మీకే నాకన్నా బాగా అర్థమవుతుంది, ఒక్కసారి చదవండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఈసారి చదివారు. రెండో పేజీ, మూడో పేజీ. మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలినా చూసుకోలేదు.

"అయితే మా ల్యాబ్ తప్పు చేసిందంటారా?"

"లేదండి. ల్యాబ్ చెప్పింది నిజమే. ఆ పదార్థం ఉంది. అది చెరువులోంచి వచ్చిందా, పెంకులోంచి వచ్చిందా అన్నది ఎవరూ అడగలేదు. నేను కూడా మూడు రోజులు అడగలేదు."

ఆయన ల్యాబ్‌కు ఫోన్ చేశారు. ఇటువైపు మాటలే మాకు వినిపించాయి. "ఒలిచారా? ... మరి? ... మొత్తంగానా? ... తలతో సహానా?" ఫోన్ పెట్టేసి సత్యవతి గారి వైపు చూశారు. "ఒలిచే వస్తుందనుకుని వాళ్ళు అలాగే మిక్సీలో వేసేశారమ్మా."

"నేనే ఒలవనివ్వలేదు బాబూ," అంది ఆవిడ. అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. "నా రొయ్య గొప్ప చూపిద్దామని నా నెత్తి మీదికి నేనే తెచ్చుకున్నాను."

"మళ్ళీ శాంపిల్ తీయిస్తాను," అన్నారాయన. వెంటనే ఆగిపోయారు. "కానీ ఇన్ని రోజులైంది. ఈలోగా మందు వదిలిపోయింది అంటారు పైవాళ్ళు. ఇప్పుడు శుభ్రంగా వచ్చినా మీ మాట నిలవదు."

అంతలో సత్యవతి గారు తలెత్తింది.

"రెండో సంచి ఏమైందండి?"

"ఏ సంచి?"

"రెండు సంచుల్లో పెట్టిచ్చానుగా. ఒకటి పరీక్షకి, ఒకటి తగువొస్తే చూడ్డానికి అని మీ అతనే అన్నాడు. సీలు మీద నా వేలిముద్ర ఉంది."

శ్రీహరి గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఆ రెండో సంచిని కౌంటర్ శాంపిల్ అంటారు. తెరవకుండా గడ్డకట్టించి ఉంచుతారు. అదే రోజు, అదే వల, అవే రొయ్యలు. ఆవిడ పంతం వల్ల అవి కూడా పెంకు ఊడకుండా ఉన్నాయి. ఒకే రొయ్యను పెంకు వేరు, కండ వేరు చేసి పరీక్షించవచ్చు. ఒలిచి పంపి ఉంటే ఈ తగువే వచ్చేది కాదు. వచ్చిన తగువు తీర్చడానికి మాత్రం ఒలవని రొయ్యే కావాలి.

"ఒకటి చెప్తానమ్మా," అన్నారాయన. "కౌంటర్ శాంపిల్ ఒక్కసారే తెరుస్తాం. కండలో కూడా వస్తే ఇక మాట్లాడటానికి ఏమీ ఉండదు. నంబరు ఆ రోజే పోతుంది. ఆలోచించుకుని చెప్పండి."

"ఆలోచించేదేముంది? తెరవండి. మీరు కాదు, ల్యాబ్ వాళ్ళ చేత నా ముందు ఒలిపించండి."

అలాగే చేశారు. మర్నాడు సీలు మీద వేలిముద్ర సరిచూసి, ఆవిడ ముందే తెరిచి, పెంకులు ఒక గిన్నెలో, కండ ఒక గిన్నెలో పెట్టారట. వాళ్ళు ఒలిచే తీరు చూడలేక, "అలా కాదు, తల దగ్గర పట్టుకుని తిప్పాలి" అని నేర్పించి వచ్చిందట కూడా. రిపోర్టు వచ్చే దాకా గడువు ఆపారు.

తర్వాత సోమవారం. లైబ్రరీలో ఇద్దరు పోటీపరీక్షల వాళ్ళు చదువుకుంటున్నారు. నా ఫోన్ మోగింది. నేను గుసగుసగా "చెప్పండి పిన్నీ" అన్నాను. అటునుంచి వచ్చిన కేక ఆ ఇద్దరికీ వినిపించింది.

"పెంకులో ఉందంట! కండలో లేదంట! కండలో ఏమీ లేదంట తల్లీ!"

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు. చదువుకుంటున్న వాళ్ళు తలలెత్తి చూశారు. గోడ మీద నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు నేనే రాయించింది. దాని కిందే నిలబడి, "నిజమా? నిజంగానా?" అని హాలంతా వినిపించేలా అరిచాను. వాళ్ళకేమీ అర్థం కాకపోయినా ఒకతను చప్పట్లు కొట్టాడు.

ఆవిడ నంబరు అలాగే ఉండిపోయింది. జాబితాలో పేరు పడలేదు. శ్రీహరి గారు తమ శాంపిల్ ఫారంలో నీలకంఠకు వేరే నిబంధన చేర్పించారు: గట్టు మీద ఎలా తీసినా సరే, ల్యాబ్‌లో పెంకు తీసి, లోపలి కండే పరీక్షించాలి. అంతకుముందు ఇలాగే తిరస్కరించిన ఇద్దరు రైతుల కాయితాలు కూడా బయటికి తీశారు. ఆ వ్యాసాల ప్రతులు కావాలని నాకు ఆయనే ఫోన్ చేశారు. "ఇంటర్నెట్‌లో దొరికినవే పంపమ్మా," అని నవ్వారు.

చలిదేశపు లైబ్రేరియన్‌కు మాట ప్రకారం రాశాను. ఈసారి చిత్తుప్రతి రాయలేదు.

చెరువులో రొయ్యలు పట్టే పట్టుబడి రోజు పొద్దున్నే సత్యవతి గారు నన్ను చెరువు దగ్గరికి పిలిపించుకుంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు గట్టు నిండా ఉన్నారు. వల దగ్గరికి లాగుతుంటే నీళ్ళు నీలంగా కదిలాయి. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఆవిడ అన్నిటికన్నా పెద్ద రొయ్యను పట్టుకుని పైకెత్తింది. జానెడు కాళ్ళు గాలిలో ఆడాయి.

"ఇదిగో, ఈ పిల్లే!" అని నా వైపు చూపించి అందరికీ చెప్పింది. "నోట్లో మాట లేదు గానీ, అడగడం మొదలెడితే వదలదు."

గట్టు మీద ఆవిణ్ణి ఎగతాళి చేసిన వాళ్ళలో ఒకావిడ నా పక్కకి వచ్చి, "మా చెరువు నీళ్ళు పచ్చగా అయిపోతున్నాయమ్మా, అది కూడా చూసి పెడతావా?" అని మెల్లగా అడిగింది.

"చూస్తానండి," అన్నాను. "ముందు ఎప్పటి నుంచి, ఎలా మొదలైందో చెప్పండి."

ఆవిడ చెప్పింది. గట్టు మీద కూర్చుని అంతా విన్నాను.

ఆ మధ్యాహ్నం సత్యవతి గారు లైబ్రరీకి స్టీలు క్యారేజీ పంపింది. మూత తీస్తే నీలకంఠ ఇగురు. పైన మడిచిన కాయితం మీద, ఎవరి చేతనో రాయించిన ఒక్క ముక్క: "నీకోసం ఒలిచి వండాను." లైబ్రరీలో తినుబండారాలు నిషేధం. ఆ రోజు తలుపు దగ్గరికి వేసి నేనే ఆ నిబంధన తప్పాను.

మా లైబ్రరీలో వచ్చిన ప్రతి ప్రశ్నా రాసే రిజిస్టరు ఒకటుంది. అంతకుముందు అందులో పేరు, తేదీ, అడిగిన విషయం అని మూడే గడులుండేవి. ఈ కేసు తర్వాత స్కేలుతో గీసి నాలుగోది చేర్చాను: "జరిగింది, మొదట్నుంచి." డేటాబేస్ ఎంత పెద్దదైనా మనం అడిగినదానికే జవాబిస్తుంది. ఏం అడగాలో తెలిసేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గరే. ఇప్పుడు ఎవరు వచ్చినా ముందు కుర్చీ చూపించి నాలుగో గడి నింపుతాను. ఆ తర్వాతే కీబోర్డు మీద చెయ్యి వేస్తాను. నోరు విప్పడం నాకు ఇప్పటికీ కష్టమే. కానీ ఆ గడి ఖాళీగా ఉంటే సత్యవతి గారు సంచి సర్దుకుని లేచిన శనివారం గుర్తొస్తుంది. అడిగేస్తాను.